గోనె లేని తూకం

ఆశ్రమ పాఠశాలకు తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ ముందు పిల్లల్ని చూసేవాడు. తర్వాత వంటశాల గుమ్మంలో నిలబడ్డ పాంగి సోములమ్మను చూసేవాడు. ఆ తర్వాత నవ్వేవాడు.

"పిల్లల బియ్యం ఎటు పోతున్నాయో రిజిస్టరు తిప్పక్కర్లేదమ్మా, నిన్ను చూస్తే చాలు."

వెంట వచ్చిన గుమాస్తాలు నవ్వేవారు. జీపు డ్రైవరు నవ్వేవాడు. వార్డెను కూడా, పై అధికారి నవ్వాడు కాబట్టి, పెదవి కొస మీద ఒక నవ్వు తగిలించుకునేది. సోములమ్మ కొంగు సర్దుకుని అందరికీ టీ పోసేది. అరకు లోయలోని పనసవలస బాలికల పాఠశాలలో ఆమె వంటమనిషిగా చేరింది 1994లో. అప్పటినుంచి పదమూడేళ్లు ఈ మాట వింది. అధికారులు మారారు, జీపులు మారాయి, మాట మారలేదు. ఆమె ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు.

జవాబు లేక కాదు. నూట నలభై మంది పిల్లలకు వడ్డించాక, గంటెకు అంటుకున్న పప్పు, గుండిగ అడుగున మాడిన అన్నం, అదే ఆమె పూట. పొద్దున ఒక ముంత చోడంబలి, అంటే రాగిజావ. పండగనాడు కోడికూర వండితే మెడముక్క. బియ్యం కొలిచేటప్పుడు పదో తరగతి ఆడపిల్లలిద్దర్ని పిలిచి వాళ్ల ఎదుటే పోసేది, తనమీద మాట రాకూడదని. ఇదంతా ఆ పిల్లలకు తెలుసు. పిల్లల్ని ఎవరూ అడగలేదు.

మన్యంలో ఆకలిని గుర్తుపట్టడం అందరికీ వచ్చు. ఎముకలు తేలినవాళ్ల కోసం పథకాలున్నాయి, ఫోటోలున్నాయి, ఉపన్యాసాలున్నాయి. లావుగా ఉన్న గిరిజన స్త్రీ ఎదురైతే మాత్రం చదువుకున్నవాళ్లకు ఒక్క ఆలోచనే వస్తుంది: ఎవరి కూడో తిన్నది. చదువులేనివాళ్లు కూడా పెద్ద తేడాగా ఏమీ అనుకోరు. సంతలో తోటి ఆడవాళ్లు ఆమెను "షావుకారమ్మ" అని పిలిచేవారు. ఆ షావుకారమ్మ పుట్టింది కాకరపుట్టులో, పనసవలసకు ఎగువన రెండు గంటల నడక ఎక్కితే వచ్చే పాతిక గడప. వానలు తప్పిన ఏళ్లలో ఆ ఊరు మామిడి టెంకల పిండితో కాచిన అంబలి తాగి బతికింది. ఆ అంబలి తాగి బతికిన పిల్లల్లో సోములమ్మ ఒకతె.

పెళ్లయిన ఆరేళ్లకు మొగుడు మలేరియాతో పోయాడు. పిల్లలు లేరు. ఆయన పేరున ఉన్న ఎకరన్నర కాఫీ తోట ఆమె పేరుకు మారింది. కాకరపుట్టు పైన, వెండిలాంటి బెరడున్న ఓకు చెట్ల నీడలో, మిరియాల తీగలు పాకిన తోట. ఏటా డిసెంబరులో సెలవు పెట్టి పైకెక్కి పండు కోసుకొచ్చేది. పనిలో చేరేముందే, ముప్పై అయిదు దాటాక, ఒళ్లు పెరగడం మొదలైంది. ఏం తిన్నా పెరిగింది, తినకపోయినా పెరిగింది. వారానికి రెండు పూటలు పస్తులుంది, పసరు మందులు తాగింది, మంత్రం వేసే గురువు చేత తాయెత్తు కట్టించుకుంది. మోకాళ్లు వాచాయి. చక్కెర జబ్బు వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచి కూర్చునేది.

2005 వానాకాలంలో అన్న గాసి ఇంట్లో కొత్త తినే పండగకని పైకెక్కింది. రెండో రోజు ఊపిరాడక కూలబడిపోయింది. కాకరపుట్టుకు రోడ్డు లేదు. డోలీ కట్టారు.

డోలీ గురించి ఒక మాట చెప్పాలి. పొడుగాటి దుడ్డుకర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. దారిలో ఏ ఊరి పొలిమేర తగిలితే ఆ ఊరి మగవాళ్లు వచ్చి భుజం మార్చుకోవాలి. లోపల ఉన్నది పగవాడైనా సరే. తమ హద్దు దాటించి పక్క ఊరి చేతికి అప్పగించేదాకా దించకూడదు. ఇది ఏ కాగితం మీదా రాసిలేదు. తప్పినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

సోములమ్మ డోలీకి ఇద్దరు చాల్లేదు. రెండు కర్రలు కట్టారు, నలుగురు మోశారు, మరో నలుగురు పక్కన నడిచారు. బండల దిగువన కాలుజారి గాసి భుజం ఎముక కదిలింది. ఎవడో కుర్రాడు రొప్పుతూ అన్నాడు, రెండు కాఫీ బస్తాలు మోసినా ఇంత నొప్పి పుట్టదని. వాడు ఆమె నిద్రలో ఉందనుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక సోములమ్మ మళ్లీ కొండ ఎక్కలేదు. తన బరువు ఊరి భుజాల మీద మరోసారి పెట్టనని ఒట్టు వేసుకుంది. అన్న మనవరాలి పేరు పెట్టడానికి వెళ్లలేదు. చైత్రంలో వచ్చే ఇటుకల పండగకు వెళ్లలేదు. తోటలో పండు ఎవరో కోసి, ఎవరో తెచ్చారు. పాఠశాల వెనక నీళ్ల తొట్టి దగ్గర నిలబడితే ఆ కొండ పూర్తిగా కనిపిస్తుంది. గిన్నెలు తోముతూ దాన్ని చూసేది. ఆమెకు కావలసింది అదొక్కటే, తన కొండ తన కాళ్లతో ఎక్కడం.

* * *

పనసవలస కాఫీ రైతుల సంఘంలో మూడు వందల పైచిలుకు ఇళ్లున్నాయి. 2004లో సంఘం తన సభ్యులందరికీ కలిపి ఒక బీమా కంపెనీ దగ్గర ఆరోగ్య బీమా తీసుకుంది. ఇంటికొక కార్డు, తోట ఉన్నందుకు సోములమ్మకూ ఒకటి. ఆ కార్డుల పని చూసేది హేమలత. ఇంటరు చదివిన కొండదొర తెగ పిల్ల, ఎనిమిదేళ్లు సోములమ్మ వండిన అన్నం తిని పెరిగింది. బియ్యం కొలత చూడడానికి పిలిచే ఆడపిల్లల్లో ఒకప్పుడు ఆమె కూడా ఉంది.

2006లో హేమలత పట్టుబట్టి సోములమ్మను విశాఖపట్నం పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ రక్తం తీయించింది, గుండె చూసింది, నిద్రలో ఊపిరి కొలిపించింది. ఏం తింటావని అడిగింది. సోములమ్మ చెప్పింది. డాక్టరమ్మ కాసేపు రాయడం ఆపి, ఇది తిండి తప్పు కాదని చెప్పింది. కొన్ని శరీరాలు వచ్చిన ప్రతి మెతుకునూ దాచుకుంటాయనీ, చిన్నప్పుడు పస్తులుండడం కూడా అందుకు ఒక కారణం కావచ్చనీ, ఈ దశకు వచ్చాక మనసు గట్టిచేసుకుంటే తగ్గేది కాదనీ, దీనికి ఆపరేషను ఉందనీ చెప్పింది. చేయించుకోకపోతే ఆ ఊపిరి ఏదో ఒకనాడు ఆగి, మళ్లీ మొదలవదని కూడా దాచకుండా చెప్పింది.

తిరుగు బస్సు అనంతగిరి మలుపుల్లో ఉండగా సోములమ్మ హేమలత చెయ్యి పట్టుకుంది. అప్పుడు అంది, "గుంటా, జబ్బంటన్నాది. దొంగతనం కాదంట."

హేమలత కార్డు పట్టుకుని కంపెనీకి దరఖాస్తు రాసింది. రోగి బరువు స్థానికంగా తూచి రుజువు పంపాలన్నారు. సోములమ్మ ఎత్తుకు నూట ఒక్క కిలోలైనా ఉంటేనే ఆపరేషను అవసరమని వైద్యం లెక్క. ఆరోగ్య ఉపకేంద్రంలోని యంత్రం సూది నూరు దగ్గర ఆగిపోతుంది, ఆపైన కదలదు. అంతకన్నా పెద్ద కాటా లోయలో ఆ పక్కన ఒక్కటే ఉంది, సంఘం గోదాములో కాఫీ తూచేది. కాటా దగ్గర బుధు ఉంటాడు. సోములమ్మకు వరసకు తమ్ముడు. సంఘంలోకి రాకముందు పదిహేనేళ్లు సంతలో ఒక షావుకారి దగ్గర తూకం వేశాడు.

బుధు ఆమెను ఎక్కించాడు, చూశాడు, సంఘం చీటీ మీద అంకె వేశాడు, సంతకం పెట్టాడు, టీ తెప్పించాడు. ముగ్గురూ తాగారు. హేమలత చీటీ మడిచి కవరులో పెట్టింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. కంపెనీ కాదంది, రెండు కారణాలు చూపించింది. ఒకటి, స్థూలకాయానికి చేసే ఏ చికిత్సా ఈ పాలసీలోకి రాదు. కాగితం చివర, వర్తించనివాటి జాబితాలో ఆ మాట ఉంది, అందం కోసం చేయించుకునే చికిత్సల పక్కనే. రెండు, వచ్చినా, పంపిన చీటీలో బరువు నూరు కిలోలే ఉంది. నూట ఒకటి లేదు.

సోములమ్మ ఉత్తరం చదివించుకుని ఉప్పు డబ్బా వెనక పెట్టింది.

"పోనీలే గుంటా. నాకిది అలవాటే."

"నాకు అలవాటు లేదప్పా," అంది హేమలత.

ఆ పిల్ల ఊరుకోలేదు. పాలసీ ఏటా మే ఆఖరుకు ముగుస్తుంది, మళ్లీ తీసుకోవాలంటే సంఘం సంతకం పెట్టాలి. అంటే ఏడాదికొకసారి కంపెనీయే ఈ మూడు వందల ఇళ్ల ముందు చెయ్యి చాపాలి. మార్చి నుంచి హేమలత ఊరూరా తిరిగింది. సర్వసభ్య సమావేశంలో ఆ ఒక్క మాట కొట్టెయ్యమని అడుగుదామంది. కొందరు సరేనన్నారు. కొందరు నవ్వారు. బువ్వ దొరక్క చచ్చేవాళ్లం, బలిసినోళ్ల జబ్బు మనకేటని ఒక ముసలాయన మొహం మీదే అన్నాడు. సోములమ్మకు ఈ కబురు తెలిసి హేమలతతో నాలుగు రోజులు మాట్లాడలేదు. దాచుకున్న పుండును సంతలో పరిచినట్టయిందని ఆమె బాధ.

* * *

2007 మే నెల, సంఘం గోదాము ముందు టార్పాలిను పందిరి. సెలవులు కాబట్టి సమావేశానికి వంట సోములమ్మకే అప్పజెప్పారు. పొయ్యిలు పందిరి వెనక ఉన్నాయి. అక్కడ నిలబడితే మాటలు వినపడతాయి, మనిషి కనపడదు. ఆమెకు అదే కావాలి.

కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి ఫణీంద్ర అనే అధికారి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, మర్యాదస్తుడు. అందరికీ దండం పెట్టాడు. సంఘం అధ్యక్షుడు రవిబాబు ఆ ఒక్క మాట గురించి అడగగానే ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఈ కొండల్లో కాళ్లే బళ్లు, చేతులే యంత్రాలు, ఇక్కడ లావు ఎవరికుంటుంది. పట్నంవాళ్ల జబ్బును కాగితంలో చేర్చి ఎవరికి లాభం. ఇన్నేళ్లలో వచ్చిన దరఖాస్తు ఒక్కటే, అది కూడా వైద్యం లెక్కకు అందలేదు.

"మేం అన్నది కాదండీ, మీ సంఘం ఇచ్చిన చీటీయే," అని కాగితం పైకెత్తి చూపించాడు. "నూరు కిలోలు. హద్దు నూట ఒకటి. అంటే మీ మూడు వందల ఇళ్లలో ఈ చికిత్స అవసరమైనవాళ్లు ఒక్కరూ లేరు. లేని రోగానికి మందు అడుగుతున్నారు మీరు."

జనం తలలూపారు. మాట సరిగ్గానే ఉన్నట్టుంది. రవిబాబు హేమలత వైపు చూశాడు, ఇంకేమైనా ఉందా అన్నట్టు. ఆ పిల్ల తన దగ్గరున్న కాగితాలు మళ్లీ తిరగేసింది.

పందిరి వెనక సోములమ్మ చేతిలో గంటె ఆగింది. రోజూ బియ్యం బస్తాలు దొర్లించే మనిషి, బరువు ఆమెకు చేతికి తెలుస్తుంది. తన బరువు మోకాళ్లకు తెలుసు. ఆరోజు కాటా మీద నిలబడ్డప్పుడు బుధు నోట్లో గొణుక్కున్న అంకె ఒకటి, ఇప్పుడు ఈ బాబు చదివింది ఒకటి. ఇన్నాళ్లూ ఆమె ఆ ఉత్తరం గురించి ఆలోచించలేదు, ఆలోచించకూడదని ఉప్పు డబ్బా వెనక పెట్టింది కాబట్టి.

గంటె పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని పందిట్లోకి వచ్చింది. మూడు వందల తలలు తిరిగాయి.

"ఓరి బుధూ. ఇలగ రా."

బుధు లేచి నిలబడ్డాడు.

"నన్ను తూసినప్పుడు కాటా ఎంత సూపినాదిరా?"

"నూట రెండప్పా."

"సీటీ మీద ఎంత ఏసినావు?"

"నూరు."

"రెండు కిలోలు ఏటి సేసినావు?"

బుధు ఇందులో అడగడానికేముందన్నట్టు చూశాడు. "తరుగు తీసినానప్పా. గోనెకి."

సోములమ్మ రెండు చేతులూ పక్కలకు చాపింది.

"నా ఒంటిమీద గోనె ఎక్కడున్నాదిరా?"

ముందు ఒక్కరు నవ్వారు, తర్వాత పందిరంతా నవ్వింది. బుధు నవ్వలేదు. పదిహేనేళ్లు షావుకారి కాటా దగ్గర నిలబడ్డ చెయ్యి అది. కాటా మీద ఏది పెట్టినా రెండు తీసి రాయడం ఆ చేతికి ఊపిరి తీసినంత అలవాటు. మనిషిని పెట్టినా తీసింది. నవ్వు సగంలో ఉండగానే వెనక వరసలోంచి అచ్చియమ్మ అనే ముసలామె లేచింది. ఏటా తన పండును బుట్టల్లో మోసుకొస్తుంది.

"మరి నా బుట్టలకి గోనె ఎక్కడున్నాదిరా, బుధూ?"

నవ్వు ఆగిపోయింది. ప్రతివాడూ తన బుట్ట గుర్తుచేసుకుంటున్నాడు.

ఫణీంద్ర ఇబ్బందిగా లేచి, పొరపాటు జరిగి ఉండొచ్చు, పెద్దావిడను ఇందరిలో మళ్లీ తూచక్కర్లేదు, తరవాత చూద్దామన్నాడు. ఆ మాటలో దయ ఉంది. ఆ దయను పట్టుకుని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోవచ్చు. పదమూడేళ్లు కొంగు చాటున దాచిన ఒళ్లు అది.

"ఇప్పుడే సూడండి బాబూ," అంది సోములమ్మ. "అందరి ఎదటా సూడండి."

కాటాను నలుగురు పందిట్లోకి లాక్కొచ్చారు. చెప్పులు విడిచింది. మెడలో పూసల దండలు తీసి హేమలత చేతికిచ్చింది, తర్వాత ఎవరూ వాటి మాట ఎత్తకుండా. ఎక్కి నిలబడింది. బుధు వంగి రాళ్లు సర్దాడు, కమ్మీ తిన్నగా నిలిచేదాకా ఆగాడు, ఫణీంద్రను పిలిచి చూపించాడు. అప్పుడు సంతలో తూకం చెప్పే గొంతుతో, కొండకు వినపడేలా అరిచాడు.

"నూట మూడు. గోనె నేదు. తరుగు నేదు."

* * *

గెలుపు అంతటితో రాలేదు. బరువు తేలింది కానీ కాగితంలో మాట అలాగే ఉంది. దాన్ని కొట్టెయ్యడం తన చేతిలో లేదనీ, పైవాళ్లను అడగాలనీ, ఈలోగా పాత పద్ధతిలోనే సంతకం పెట్టమనీ ఫణీంద్ర అన్నాడు. పెట్టకపోతే నెలాఖరుకు కార్డులన్నీ చెల్లవు. ముందున్నవి వానలు, మలేరియా రోజులు. రవిబాబు అదే చెప్పాడు, బాధ్యత గల మనిషిగా. ఒక్క మనిషి కోసం మూడు వందల ఇళ్లు కార్డు వదులుకోవాలా అని ఎవరో గట్టిగానే అడిగారు.

గాసి లేచాడు. డోలీ కింద ఎముక కదిలిన భుజం ఇప్పటికీ కొంచెం వాలి ఉంటుంది.

"ఈ కార్డేటి? మనం అందరం కట్టుకున్న డోలీ. అవునా కాదా?" అన్నాడు. "డోలీ ఊరి హద్దుకి వొచ్చినాక లోపలున్నోళ్లు లావా బక్కా అని దుప్పటి ఎత్తి సూసినోడు మనలో ఎవుడైనా ఉన్నాడా? నా సెల్లెల్ని ఎనమండుగురం మోసినాం. దించినామా?"

గాసి వరసలన్నిటి వైపూ చూశాడు.

"దించినామా?" అని మళ్లీ అడిగాడు.

మొదట లేచిన చెయ్యి, బలిసినోళ్ల జబ్బు మనకేటన్న ముసలాయనది. తర్వాత ఎన్ని లేచాయో రవిబాబు లెక్కపెట్టడం మానేశాడు. ఆ మాట కొట్టేసేదాకా సంతకం లేదని తీర్మానం రాశారు. కాటా గది గోడ మీద, గోనె ఉంటేనే తరుగు అని ఆరోజే రాయించారు. భోజనాలయ్యాక ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలు కడిగే వంకతో హేమలత దగ్గరికి వచ్చారు. తమను కూడా తూచాలని మెల్లగా అడిగారు. లేని రోగం అన్నారు కదా, ఆ రోగం అప్పటిదాకా కొంగుల కింద ఉంది.

జూన్ మొదటి రోజున మూడు వందల కార్డులు చెల్లకుండా పోయాయి. అలా ఇరవై ఏడు రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఇద్దరికి మలేరియా వచ్చింది, ఒకడు చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ముగ్గుర్నీ సర్కారు ఆసుపత్రికి మోసుకెళ్లారు. ముగ్గురూ బతికి బాగుపడ్డారు. సోములమ్మ రోజూ ఎవరైనా వచ్చి నాలుగు మాటలంటారని ఎదురుచూసింది. ఎవరూ ఆమె పేరెత్తలేదు. బుధు ఒక్కడే వచ్చాడు, వంటశాల గడప దగ్గర కూర్చుని, కావాలని చెయ్యలేదప్పా అన్నాడు. తెలుసురా, చెయ్యి అలవాటు, అని అతని ముంతలో అంబలి పోసింది.

ఇరవై ఏడో రోజున ఉత్తరం వచ్చింది. సంఘం సభ్యులందరికీ, వైద్యం లెక్కకు అందిన ప్రతివారికీ, స్థూలకాయ చికిత్స పాలసీలో చేర్చామని. జాబితాలో ఆ వరసను అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ముద్ర వేశారు. ఫణీంద్ర కవరులో విడిగా ఒక చిన్న కాగితం పెట్టాడు. పై ఆఫీసుకు తాను రాసిన నివేదికలో ఆనాటి తూకం గురించి రాశానని, సోములమ్మ గారికి నమస్కారాలని. జీవితంలో ఒక అధికారి ఆమెను గారు అని రాయడం అదే మొదలు. ఆ కాగితం ఉప్పు డబ్బా వెనక పెట్టలేదు. గోడకు, దేవుడి పటం పక్కన అంటించింది.

ఆగస్టులో ఆపరేషను అయింది. మంత్రమేమీ కాదు. నెలల తరబడి గుక్కెడు గుక్కెడుగా తినడం, మాత్రలు, సూదులు, నడక, వాంతులు. ఒకసారి విసిగిపోయి ఏడ్చింది కూడా. కానీ చక్కెర దిగింది, నిద్రలో ఊపిరి ఆగడం మానింది. మరుసటి ఏడాది ఎండాకాలానికి కాటా మీద డెబ్బై తొమ్మిది.

ఆ మధ్యలోనే, జనవరిలో, ఒక తనిఖీ అధికారి వచ్చాడు. పాతవాడే. వంటశాల గుమ్మంలో ఆగి తేరిపార చూశాడు.

"ఏం సోములమ్మా, చిక్కిపోయావు. ఇప్పుడు పిల్లలకు కడుపునిండా పెడుతున్నావన్నమాట."

గుమాస్తా నవ్వడానికి సిద్ధమయ్యాడు. సోములమ్మ టీ గిన్నె దించింది.

"బాబూ, అప్పుడు జబ్బుతోటి ఉన్నాను, ఇప్పుడు మందుతోటి ఉన్నాను. పిల్లల బియ్యం అప్పుడూ పిల్లలే తిన్నారు, ఇప్పుడూ పిల్లలే తింతన్నారు. నన్ను సూసి రాయకండి. ఈ గుంటలనడిగి రాయండి."

వరసలో కూర్చున్న పిల్లల్లోంచి ఒకతె ఎవరూ అడక్కముందే లేచి నిలబడింది. "మా అప్ప ఆఖర్న తింటాది సార్. మాడుది తింటాది." ఇంకొకతె లేచింది. తర్వాత వరస వరసంతా లేచింది. అధికారి టీ తాగాడు. పోయేముందు పుస్తకంలో రాసిన వాక్యాన్ని వార్డెను చదివి వినిపించింది: వంటమనిషి నిజాయితీ గురించి పిల్లలంతా సాక్ష్యం చెప్పారు. పదమూడేళ్ల నవ్వులకు అదొక్క వాక్యమూ చాలదు. కానీ అది సర్కారు పుస్తకంలో సిరాతో ఉంది, చెరగదు.

2008 డిసెంబరులో సోములమ్మ కాకరపుట్టు ఎక్కింది. గాసి ముందు నడిచాడు, హేమలత పక్కన, బుధు వెనక. బుధు భుజాన డోలీ కర్ర. ఎందుకురా అంటే, ఏమో, ఉంటే మంచిది అన్నాడు. బండల దిగువన, అన్న భుజం జారిన చోట, ఆమె కాసేపు కూర్చుంది. ముగ్గురూ చుట్టూ నిలబడి ఆమెనే చూస్తున్నారు.

"ఏటలా సూత్తన్నారు? నాకోసం కాదు, మీకోసం ఆగినాను. రొప్పుతున్నది మీరు," అని లేచింది. తోట చేరాక ఆ కర్రతో బుధు చేత బొప్పాయికాయ ఒకటి దింపించింది.

మూడేళ్లు చూడని తోట. మిరియాల తీగలు చెట్ల మెడలదాకా పాకాయి. కొమ్మల నిండా ఎర్రటి పండు. పచ్చి ముట్టకుండా పండిందే కోస్తూ, కోస్తూ, సాయంత్రానికి ఒక బుట్ట నింపింది. తన తల మీదే పెట్టుకుని దిగింది. గోదాములో బుధు ముందు ఖాళీ బుట్ట తూచాడు, తర్వాత నిండు బుట్ట తూచాడు. చీటీ ఆమెకివ్వకముందే రెండు అంకెలూ పైకి చదివాడు.

* * *

చదివినవారికి ఒక పని చెప్పాలి.

మీ ఇంట్లో కూడా ఆరోగ్య బీమా కాగితం ఒకటి ఉండే ఉంటుంది, బీరువాలోనో, బట్టల కింద పెట్టెలోనో. తీయండి. మొదటి పేజీ వదిలెయ్యండి, అక్కడ అన్నీ ఇస్తామనే ఉంటుంది. చివర చిన్న అక్షరాల్లో, ఇవి ఇవ్వం అనే జాబితా ఉంటుంది. అందులో స్థూలకాయం అన్న మాట ఉందేమో వేలు పెట్టి వెతకండి. ఉంటే, దాన్ని తీసేయమని మీ కంపెనీకి ఉత్తరం రాయండి. ఒక్కరు రాస్తే జవాబు రాకపోవచ్చు. మీరు ఏ యూనియనులోనో, సంఘంలోనో, ఆఫీసులోనో ఉంటే, పాలసీ మళ్లీ తీసుకునే నెలకు ముందే ఈ మాట సమావేశంలో పెట్టించండి. సంతకం మీ చేతిలో ఉన్న రోజే మీ మాట చెల్లుతుంది. జబ్బును జబ్బు అని చట్టమే రాసేదాకా మీ ఎంపీని అడుగుతూనే ఉండండి.

ఇంకొకటి. మీ ఊరి బడిలో, ఆసుపత్రిలో, బస్సులో లావుగా ఉన్న మనిషి ఎదురైనప్పుడు ఎవరైనా ఆ పాత నవ్వు నవ్వితే, మీరు నవ్వకండి. ఆ మనిషి ఆఖర్న తింటుందేమో మీకు తెలియదు.

ఉత్తరం మాత్రం ఈ వారమే రాయండి.